జనుపచేని చుక్కల శలభము

మన పాఠశాల వార్షికసంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకులు కోరినప్పుడు మేము మొదట వేఱొక విషయమును తలపోసితిమి. కాని కలము చేతబట్టి కూర్చున్న ప్రతిసారియు ఒక చిన్నపురుగు మా మనస్సున మెదలుచు, తన కథను చెప్పక మఱియొకటి వ్రాయుటకు మాకు హక్కు లేదనుచున్నట్లు తోచెను. ఆ పురుగునకును, దానిని మాకు చూపిన యొక విద్యార్థికిని మేము ఋణపడి యున్నాము. అప్పు దాచుకొని పరులకు ధర్మము చెప్పుట ఉపాధ్యాయునకు తగదు గనుక ఈ నాలుగు పుటలును వ్రాయుచున్నాము.

అది 2015వ సంవత్సరము డిసెంబరు మాసము. క్రిస్మసు సెలవులకు ఇంక వారము దినములుండెను. ఎనిమిదవ తరగతిలో ఆహారపు గొలుసును గూర్చి పాఠము చెప్పుచుంటిమి. గడ్డిని మిడుత తినును, మిడుతను కప్ప తినును, కప్పను పాము మ్రింగును అని నల్లబల్లమీద బాణములు గీసి, పిమ్మట సాలెపురుగు ప్రస్తావన వచ్చినప్పుడు, తన గూటిలో చిక్కిన యే పురుగును అది విడువదని ధీమాగా చెప్పితిమి. అప్పుడు వెనుకబల్లనుండి యొక బాలుడు లేచెను. అతడు చొక్కాజేబులోనుండి ఒక అగ్గిపెట్టెను తీసి, "మాస్టారండీ, దీన్ని సాలెపురుగు వదిలేసిందండి. నేను చూశానండి" అనెను.

పెట్టె తెఱచి చూడగా అందు తెల్లని రెక్కలుగల చిన్న శలభ మొకటి కదలక కూర్చుండి యుండెను. రెక్కలమీద ఎఱ్ఱచుక్కలును నల్లచుక్కలును ముగ్గు పెట్టినట్లు తీర్చియుండెను.

"ఎక్కడ చూచితివి?" అని యడిగితిమి.

"మా జనపచేలోనండి. గూట్లో పడిందండి. సాలెపురుగు గబగబా వచ్చిందండి, ముట్టుకుందండి, చుట్టూ దారాలు తెంపేసిందండి. ఇది కింద పడిపోయిందండి."

"అట్లయిన ఆ సాలెపురుగు నాడు ఉపవాసము పట్టినది కాబోలు" అని మేమంటిమి. తరగతి అంతయు ఘొల్లున నవ్వెను. మేమును నవ్వితిమి. బాలుడు పెట్టెమూసి జేబులో పెట్టుకొని కూర్చుండెను.

ఇంతటితో ముగిసిన బాగుండెడిది. సెలవులలో 'నీవు చూచిన యొక ప్రాణి' అను విషయమున పదివాక్యములు వ్రాసి తెమ్మని మేము తరగతి కంతటికిని చెప్పియుంటిమి. ఆ బాలుడు తన నోటుపుస్తకమున ఆ శలభమును గూర్చియే వ్రాసెను. తరగతిలో చెప్పినదానిలో ఒక్క మాటయైనను మార్చలేదు. మేము దాని క్రింద ఎఱ్ఱసిరాతో "కట్టుకథ. పాఠము చూచి వ్రాయుము" అని వ్రాసితిమి. పుస్తకమును తిరిగి పుచ్చుకొనునప్పు డతడు ఏమియు పలుకలేదు.

అతని తండ్రి కౌలురైతు. మరుసటి వేసవిలో ఆ భూమి యజమాని దానిని చేపలచెఱువుగా త్రవ్వించెను. కౌలు పోయినందున ఆ కుటుంబము పనికై హైదరాబాదు తరలిపోయెను. బాలుడు టి.సి. తీసికొనిపోవుటకు వచ్చిన దినమున మాకు నమస్కరించి వెళ్లెను. ఆ పుస్తకములోని ఎఱ్ఱసిరా మాట అతనివెంటనే పోయెను.

ఇక శలభమును గూర్చి చెప్పెదము. ఇది మనకు కొత్తపురుగు కాదు. మనము పేరు పెట్టి పిలువని పాతపురుగు. రైతులు దీని పిల్లను జనుప గొంగళి యందురు. పెద్దదానిని చూచినను తెల్లపురుగని త్రోసిపుచ్చుదురు. రెక్కలు చాచినప్పుడు దీని వెడల్పు ఇంచుమించు ఒకటిన్నర అంగుళముండును. ముందురెక్కలు వెన్నవన్నెగా నుండి, వానిపై నెత్తురుచుక్కలవంటి ఎఱ్ఱనిమచ్చలును, వాని నడుమ కాటుకబొట్లవంటి నల్లనిమచ్చలును వరుసలుగా నుండును. వెనుకరెక్కలు తెల్లనివి, అంచున మాత్రము వంకరటింకర నల్లని పట్టె కలదు. తలమీదను, మెడమీదను గూడ చిన్న నల్లచుక్క లున్నవి. వ్రాలినప్పుడు రెక్కలను ఒడలికి చుట్టుకొని సన్నగా గడ్డిపరకకు అంటుకొనును. నడచువాని కాలిసవ్వడికి లేచి, నాలుగు బారల దూరమెగిరి, మరల గడ్డిలోనే వ్రాలును. శలభములు రాత్రియందే తిరుగునని మనము తలంతుము గాని, ఇది పట్టపగలును ఎగురును, రాత్రి దీపమునొద్దకును వచ్చును.

స్వీడను దేశీయుడైన లిన్నేయసు 1758వ సంవత్సరమున దీనికి శాస్త్రీయమైన పేరు పెట్టెను. నేడు దానిని యుటెథీసా పుల్‌కెల్లా అని వ్యవహరింతురు. పుల్‌కెల్లా అనగా లాటినుభాషలో ముద్దులొలుకు చిన్నది అని యర్థము. ఇది పులిశలభముల తెగకు చెందినది. ఆఫ్రికాయందును, దక్షిణ ఐరోపాయందును, పశ్చిమాసియానుండి మన దేశమువఱకును ఇది కలదు. ఇంగ్లండునకు ఎప్పుడో యొకప్పుడు దక్షిణపుగాలుల వెంట కొన్ని చేరును. అచ్చటి కీటకప్రియులు ఒక్కదానిని చూచినను పండుగ చేసికొందురు. మన కాలువగట్టుమీద పశువుల కాపరి కాలిక్రింద లేచునది అదియే. దీనిని పోలిన దగ్గఱి చుట్టములును మన దేశమున నున్నవి. వానిని విడదీసి చెప్పుటకు భూతద్దమును ఓర్పును కావలయును.

ఇది యెచ్చట నివసించును? జనుమున్న చోటను, జనుమునకు దాయాదులైన మొక్కలున్న చోటను. గోదావరి డెల్టాలో సార్వా వరి కోతకు కొలదిదినములు ముందు, చేను నిలిచియుండగనే జనుపవిత్తులను వెదజల్లుదురు. వరి కోసిన పిమ్మట నేలలో మిగిలిన పదునుతోనే ఆ విత్తులు మొలచి, సంక్రాంతి దాటునప్పటికి పైరు ఏపుగా పెరిగి బంగారువన్నె పూలు పూయును. లంకభూములయందును జనుము పండును. కోసి ఎండవేసిన పశువులకు మేత యగును. పూతకాలమున దున్నిన పచ్చిరొట్ట యెరువగును. దాని వేళ్లయందలి బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును. కాడలను నీటిలో ఊరవేసి తీసిన నార పగ్గములకును మోకులకును పనికివచ్చును. ఇన్నివిధముల ఉపకరించు పైరుమీద మన శలభము గ్రుడ్లు పెట్టును. పొదిగివచ్చిన గొంగళి నల్లని దేహమును, తెల్లనిచారలును, నారింజవన్నె మచ్చలును, పలుచని వెండ్రుకలును కలిగియుండును. అది మొదట ఆకులు తినును. కాయలు పట్టినప్పుడు కాయకు రంధ్రముచేసి, తల లోపల పెట్టి, పచ్చిగింజలను తినును. పిమ్మట నేలమీది ఆకుచెత్తలో సన్నని పట్టుగూడు అల్లుకొని అందు నిద్రించును.

మా బాల్యమున మా తండ్రిగారు విత్తనపు జనుపచేనిలోనికి మమ్ము పంపి, గొంగళులను ఏరి కిరసనాయిలు కలిపిన నీటిచెంబులో వేయుమనెడివారు. నూటికి అణా లెక్కను కూలియు నిచ్చెడివారు. ఆ కూలితో మేము జీళ్లు కొని తినియున్నాము. కనుక ఈ పురుగు మాకు బాల్యమిత్రమని చెప్పుకొనుట అబద్ధమగును. వేలకొలది గొంగళులను ఏరియు ఒక్కసారియైనను దానిని నిలిచి చూడలేదు.

అట్లు చూచుట 2019వ సంవత్సరము జనవరిమాసమున సంభవించెను. సంక్రాంతి సెలవులలో మేము ఉదయమున కాలువగట్టు వెంబడి నడచుచుంటిమి. మంచు ఇంకను విడలేదు. గట్టువాలున గిలిగిచ్చ మొక్కలు పెరిగియుండెను. ఇది జనుమునకు చుట్టమే. ఎండిన కాయను ఊపిన గిలకవలె చప్పుడు చేయును. రెండుమొక్కల నడుమ పెద్ద సాలెగూడొకటి మంచుబిందువులతో మెరయుచుండెను. మా కాలి అలికిడికి లేచిన చుక్కల శలభమొకటి నేరుగా పోయి ఆ గూటిలో పడెను.

మాకు గుండె ఝల్లుమనెను. శలభము గింజుకొనలేదు, రెక్కలు ముడుచుకొని ఊరకుండెను. గూటినడుమ నున్న సాలెపురుగు వడివడిగా వచ్చి, ముందుకాళ్లతో దానిని తాకెను, ఒక్కక్షణ మాగెను. పిమ్మట దానిచుట్టు నున్న దారములను ఒకటొకటిగా త్రెంపెను. శలభము గడ్డిలో పడెను. కొంతసేపు అట్లే యుండి, లేచి, కాలువ దాటి ఎగిరిపోయెను. సాలెపురుగు తన చోటికి పోయి గూటిని సరిచేసికొనుచుండెను.

"ముట్టుకుందండి, చుట్టూ దారాలు తెంపేసిందండి." మూడేండ్లక్రిందట విన్న మాటలు అవియే. ఆ బాలుడు ఒక్క యక్షరమును కలిపి చెప్పలేదు. మేము చాలసేపు ఆ గట్టుమీద నిలిచిపోతిమి. చలికి కాదు.

ఇంటికివచ్చి పుస్తకములు తిరుగవేసితిమి. కార్నెలు విశ్వవిద్యాలయమున పనిచేసిన థామసు ఐస్నరు అను శాస్త్రజ్ఞుడు (1929-2011) ఈ శలభమునకు అమెరికాలో నున్న చుట్టమును అనేక సంవత్సరములు పరిశీలించెను. దానిపేరు యుటెథీసా ఆర్నాట్రిక్సు. అదియు జనుపజాతి మొక్కలమీదనే బ్రదుకును. ఆ మొక్కలయందు, ముఖ్యముగా గింజలయందు, పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లను విషపదార్థములు కలవు. ఈ విషము మాటవరుసకు చెప్పునది కాదు. 1970వ దశకమున నాటి మధ్యప్రదేశములోని సర్గుజా జిల్లాలో తిండిగింజలలో అడవిజనుపజాతి గింజలు కలసిపోగా, తిన్నవారికి కాలేయము చెడి పలువురు మరణించిరి. అట్టి విషమును గొంగళి ఆహారముతోపాటు తినియు చావదు. దానిని తన దేహమున దాచుకొనును. గొంగళి శలభముగా మారినను ఆ విషము పోదు. సాలెపురుగు తాకి రుచిచూచి విడుచుటకు కారణము దయ కాదు, చేదు.

ఐస్నరును ఆయన సహచరులును దీనిని ఊహతో తేల్చలేదు. కొన్ని గొంగళులను జనుపజాతి మొక్కమీదను, మఱికొన్నిటిని విషములేని చిక్కుడుజాతి గింజలతో చేసిన ఆహారముమీదను పెంచిరి. రెండు తెగల శలభములును కంటికి ఒక్కటే. మొదటి తెగవానిని సాలెపురుగులు దారములు త్రెంపి విడిచినవి. రెండవ తెగవానిని తిన్నవి. అంతకన్న వింతయైనది 1988వ సంవత్సరమున ప్రకటింపబడెను. తల్లిశలభము తాను దాచుకొన్న విషములో కొంతభాగమును గ్రుడ్లకు ఇచ్చును. తండ్రియు తన భాగమును తల్లికి అందించును. పుట్టబోవు బిడ్డలకు ఇరువురును కలసి కట్టిన కవచ మది. మన శలభమును ఇట్టి విషమునే దాచుకొనును. రెక్కలమీది ఎఱ్ఱచుక్కలు అలంకారము మాత్రమే కావు. నన్ను తినిన చేదగునని పక్షులకు ముందుగా తెలుపు హెచ్చరికపలక యని చెప్పవచ్చును. దాగవలసిన పని లేదు గనుకనే అది పట్టపగలు నెమ్మదిగా నెగురుచున్నది.

ఇచ్చట తలిదండ్రులలో రైతులైనవారు, "మాస్టారు పురుగును పొగడుచున్నారు, మా విత్తనము మాటయేమి?" అని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. విత్తనమునకై ఉంచిన చేనిలో గొంగళులు హెచ్చైనయెడల ఏరివేయుట రైతు ధర్మము; మేమును ఏరినవారమే. మేతకును పచ్చిరొట్టకును వేసిన చేనును కాయ ముదురకముందే కోయుదురు, లేక దున్నుదురు గనుక అచ్చట వీనివలన భయము తక్కువ. మేము కోరునది పురుగును పూజింపుమని కాదు, దానిని ఎఱుగుమని. ఎఱిగినవాడు ఏరవలసినచోట ఏరును. ఏరనక్కఱలేనిచోట మందు చల్లడు.

మఱియొక మాటయు చెప్పవలెను. ధవళేశ్వరమునొద్ద ఆర్థరు కాటను దొరగారు 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్టవలన మన కాలువలు వచ్చినవి; కాలువలతో గట్లును వచ్చినవి. చేలలో జనుము తగ్గినప్పుడు ఈ గట్లే శలభమునకు కొంప. గిలిగిచ్చయు, తేలుకొండివలె వంగిన పూగుత్తిగల నాగదంతియు అచ్చటనే కదా మొలచును! నాగదంతి జనుపజాతి కాకపోయినను దానియందును ఆ తెగ విషమే కలదు; గొంగళి దానినిగూడ తినును. మా యెఱుకలోనే అనేక చేలు చేపలచెఱువులును రొయ్యలచెఱువులును అయినవి. నీరున్న చోట దాళ్వా వరి వేయుదురు గనుక జనుమునకు తావుండదు. వానిని తప్పుపట్టుటకు మేమెవరము? అప్పులు తీర్చుకొని బిడ్డలను చదివించుకొనుటకు మనుష్యులు చేయు పనులవి. కాని ఒక చేను చెఱువైనప్పుడు పోవునది పైరు మాత్రమే కాదని, దానిని ప్రతిదినము చూచు కన్నులుగూడ ఆ యూరినుండి పోవుచున్నవని మాకు ఆ బాలుని తలచినప్పుడెల్ల తోచుచుండును. అతడు చూచిన సాలెగూడున్న చోట నేడు పదియడుగుల నీరున్నది.

విద్యార్థులారా, మేము చేసిన తప్పు ఏది? సాలెపురుగు సంగతి తెలియకపోవుట తప్పు కాదు. తెలియనివి మాకు ఎన్నియో కలవు. కాలువగట్టు పాఠశాలకు రెండుఫర్లాంగుల దూరముననే యున్నది. "పద, చూచి వత్తము" అనుటకు మాకు నోరు రాకపోవుటయే తప్పు. "పాఠము చూచి వ్రాయుము" అని యెఱ్ఱసిరాతో వ్రాసితిమి. అతడు పాఠమునే చూచి వ్రాసెను. పొలములో నున్న పాఠమును. ఆకాశపక్షులను, అడవిపువ్వులను చూపి బోధించిన గురువు పేరిట నడచు పాఠశాలలో, చూచి వచ్చిన బాలుని నవ్వులపాలు చేసితిమి.

ఆనాటినుండి మా ప్రయోగశాలలో నొక బల్లమీద బౌండుపుస్తకమొకటి యుంచితిమి. ఏ విద్యార్థి యేది చూచినను, తేదీయు స్థలమును వేసి అందు వ్రాయవచ్చును. దానిలో ఎఱ్ఱసిరా వాడరాదని నియమము. నమ్మశక్యము కాని మాట కనబడినయెడల ఉపాధ్యాయుడు దానిప్రక్క "పోయి చూడవలెను" అని నల్లసిరాతో వ్రాసి, పోయి చూడవలెను. కొన్ని మాటలు పొరపాటులని తేలినవి. వ్రాసిన పిల్లలే నవ్వి దిద్దుకొనిరి. కొన్ని నిజమని తేలినవి. అప్పుడు మేము దిద్దుకొంటిమి.

మీలో నెవరైన ఈ శలభమును చూడగోరినయెడల పుష్యమాఘమాసములలో ఉదయవేళ కాలువగట్టునకు పొండు. గిలిగిచ్చయు నాగదంతియు మొలచినచోట మెల్లగా నడువుడు. గడ్డిలోనుండి తెల్లనిదేదో లేచి దగ్గఱనే వ్రాలినయెడల ఆగుడు. పట్టవద్దు; అగ్గిపెట్టెయు అక్కఱలేదు. వంగి చుక్కలను లెక్కించి, మొక్కపేరు తెలిసికొని, వచ్చి పుస్తకమున వ్రాయుడు.

ఇప్పుడు ఆ బాలుడు యువకుడై యుండును. ఎచ్చటనున్నాడో, ఏమి చేయుచున్నాడో మాకు తెలియదు. ఈ సంచిక ఏ బంధువుచేతనైన అతని యొద్దకు చేరునేని ఈ మాట అతనికై వ్రాయుచున్నాము. నాయనా, నీవు వ్రాసిన పదివాక్యములును నిజము. ఆ పుస్తకము నీయొద్ద నింకను ఉన్నయెడల ఒకసారి తీసికొని రమ్ము. మా చేతివ్రాతను మేమే కొట్టివేసి, దాని ప్రక్కన సంతకము చేసెదము. పిమ్మట, నీకు తీరికయున్నచో, గట్టుమీదికి పోయి చూచి వత్తము.